ఇంద్రసేనయ్య వడ్రంగిబల్ల

మంగళవారం పొద్దున ఇంద్రసేనయ్యకు ఉన్న పని ఒక్కటే. కొత్త వడ్రంగిబల్ల వాలకుండా సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూసుకుని, ఇంటికి పోయి కాఫీ తాగడం.

ఆయన ఎమ్మిగనూరు స్కూల్లో చేతిపనుల అయ్యవారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సోమవారం వచ్చే ఇన్‌స్పెక్టరుకు, పిల్లలు ప్రమాదం లేకుండా పని నేర్చుకునే బల్ల చూపిస్తే ఖాయం. లేకపోతే మద్దికెరలో మామగారి వేరుశనగ చేను ఖాయం.

ఉలి పట్టి ఎరగని చేత్తో ఆయనే పటం గీశాడు. పిల్లలు నిలబడి పని చేయాలి కనుక బల్ల నడుమెత్తు ఉండాలి. వాలకూడదు. రెండు కొనలూ అచ్చం ఒకేలా ఉండాలి, అది అందం. బల్ల చేసిన ఖాసిం సాబ్ మాత్రం నలభై ఏళ్లుగా నేలమీద కూర్చుని, కర్రను కాలివేళ్లతో అదిమి చిత్రిక పడుతున్నాడు. ఇంకా పది వేళ్లూ ఉండటం ఇంద్రసేనయ్యకు కొంచెం అవమానంగానే ఉండేది.

రసమట్టంలో బుడగ పక్కకు జరిగింది. బల్ల ఒకవైపు నాలుగు వేళ్లు ఎత్తుంది.

"నాలుగు కాళ్లూ ఒకటే కొలత అయివారూ. నేనే కోసినా," అన్నాడు ఖాసిం సాబ్.

"బుడగ అబద్ధం సెప్తాదా సాబూ? ఆ పక్క కాళ్లు కొయ్యి."

కోశాడు. కుదిరింది. బుధవారం పొద్దున చూస్తే రెండో పక్క ఎనిమిది వేళ్లు ఎత్తుంది. అదీ కోశాడు. గురువారం మళ్లీ మొదటి పక్క. కర్ర పచ్చిదనీ, పెరుగుతోందనీ ఇంద్రసేనయ్య తేల్చాడు. శనివారానికి అనుమానం ఖాసిం సాబ్ మీదికి మళ్లింది. ఆదోని నుంచి వేరే వడ్రంగిని పిలిపిస్తానన్నాడు.

"పిలిపియ్యండి. దినాం ఇంత కిందికి దిగుతాంది. ఇంకో రెండు దినాలైతే నా దగ్గరికే వస్తాది," అన్నాడు సాబ్.

ఆదివారం ఆరో కోత అయ్యాక, గది కడగడానికి వచ్చిన బసమ్మ బల్లను గోడవారకు ఈడ్చి, నీళ్లు చల్లి, తిప్పి పెట్టింది. ఇంద్రసేనయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దినాం తిప్పుతాండావా?"

"ఏ కొన యాడిదో గుర్తు పెట్టినారా మీరు? యాడికి వస్తే ఆడికి పెడతాండా."

"మరి బుడగ?"

"బుడగ సంగతి నాకేం తెలుసప్పా? ఇది మునుపు నూలుకు రంగులేసే కొట్టం. నీళ్లు తూముకు పోవాలని నేల వాలుగా పరిసినారు. ఊర్లో అందరికీ తెలుసు."

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి, మళ్లీ తిప్పి సరిగా పెట్టిన బల్ల ఎత్తు జానెడు మీద నాలుగు వేళ్లుంది. ఖాసిం సాబ్ దాని ముందు కూర్చుని, కాళ్లు బల్ల కిందికి చాపుకుని, హాయిగా చిత్రిక పడుతున్నాడు. ఇంద్రసేనయ్య మనసులో వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు చూశాడు. కిందటి వారం ఇంకో ఊళ్లో, నడుమెత్తు బల్ల అందక ఇటుకలెక్కిన పిల్లవాడు ఉలితో సహా కింద పడ్డాడట.

"కూర్చుని పని చేసే బల్ల. కాలివేళ్లకు భయం లేదు. ఈ ఎత్తు ఎలా తేల్చారు?"

"ప్రయోగాలు చేసి సార్."

"ఎన్ని?"

"ఆరు సార్."

ఖాసిం సాబ్ తన కాలివేళ్లకేసి చూసుకున్నాడు.

ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. వచ్చే నెల ఆదోనిలో ఇరవైమంది అయ్యవార్లకు ఇదే బల్ల, ఇదే పద్ధతిలో చేయడం నేర్పమని ఉత్తరువు కూడా వచ్చింది.

ఏమేం కావాలని ఆదోని వాళ్లు అడిగితే ఇంద్రసేనయ్య కర్ర ఊసే ఎత్తలేదు; నేల వాలుగా ఉన్న గది ఒకటి చూసిపెట్టమనీ, బసమ్మను తానే వెంటబెట్టుకొస్తాననీ జాబు రాశాడు.