సీసపు సిపాయిల పుట్టుక పత్రం

సోమవారం ఉదయం పదిన్నరకు బొటనవేలంత ఎత్తున్న మూడు వందల మంది సీసపు సిపాయిలు మండల తహసీల్దారు కార్యాలయానికి వచ్చి, తమకు పుట్టుక ధ్రువపత్రాలు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నారు. గుమాస్తా అర్జీ తీసుకుని, ముద్ర వేసి, జనం కాళ్ళ కింద పడకుండా వరండాలో గోడవారగా కూర్చోమన్నాడు. రెండంగుళాల కంటే పొట్టివాళ్ళ అర్జీలను కూడా వరసలోనే చూడాలని అయిదేళ్ళ కిందట వచ్చిన సర్క్యులర్ అతని బల్ల అద్దం కిందే ఉంది.

సిపాయిల్లో సగం మంది ఎర్రదండు, సగం మంది పచ్చదండు. వాళ్ళది ‘ఆఖరి గ్రహం’ అనే ఆట. ఎప్పుడో రాబోయే కాలంలో, చుక్కల మధ్య ఎక్కడో జరిగే యుద్ధాన్ని బల్ల మీద బొమ్మలు పేర్చి, పాచికలు వేసి, టేపుతో దూరం కొలుచుకుంటూ ఆడతారు. దాన్ని ముప్పై ఎనిమిదేళ్ళ కిందట తయారుచేసిన కంపెనీ ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఇప్పుడు ఆ గోడౌను ఖాళీ చేస్తున్నారు. పుట్టుపూర్వోత్తరాలు తెలియని సీసాన్ని నెలాఖరులోగా కరిగించాలని నిబంధన. అందుకని సిపాయిలు సిటీ బస్సెక్కి వచ్చారు.

అర్జీ డిప్యూటీ తహసీల్దారు హైమావతి బల్ల మీదికి చేరడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ రెండు దండులూ వరండాలోనే ఉన్నాయి. ప్యూను సోడామూతలో పోసిన టీని అందరూ వంతులవారీగా తాగారు. పోతపోసేటప్పుడే ఎడమకాలు రాని ఎర్రసిపాయి ఒకడు ఉన్నాడు. హాజరు పిలిచినప్పుడల్లా ఒక పచ్చసిపాయి అతన్ని వీపున ఎక్కించుకుని లోపలికి తెచ్చేవాడు. దీన్ని ఎవరూ ప్రత్యేకంగా రికార్డు చేయలేదు.

కంపెనీ యజమాని రంగనాయకులు చనిపోయి చాలాకాలమైంది. చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు పోతపోస్తూ, ఉన్నట్టుండి సిపాయిల మీదికి మళ్ళిన మనిషి ఆయన. బతికున్న ఏకైక సాక్షి, ఆ ఆట పెట్టె మూత మీద మొదటి బొమ్మ వేసిన ఆర్టిస్టు మద్దిరాల పానకాలు. ఆయనకు నోటీసు వెళ్ళింది. జీవితమంతా క్యాలెండర్లూ అగరొత్తుల పెట్టెలూ వేసిన పానకాలు, డెబ్బయ్యో ఏట, పాత స్కెచ్చులున్న అట్టల సంచీ చంకన పెట్టుకుని వచ్చాడు.

హైమావతి పదకొండు గడుల ఫారం ముందు పెట్టుకుని విచారణ మొదలుపెట్టింది. సిపాయిలు బల్ల మీద వరసగా నిలబడ్డారు.

"భుజాలు ఇంత పెద్దవిగా ఎందుకున్నాయండీ?"

"అవి ఆటో మడ్‌గార్డులండీ. నాకు మెడలు సరిగ్గా కుదిరేవి కావు. భుజాలు పెంచితే మెడ కనపడదు."

"తుపాకీ?"

"పత్తి చేలో మందు కొట్టే స్ప్రేయరు చూసి వేశాను."

"వీళ్ళు పచ్చగా ఎందుకున్నారు?"

"ప్రెస్సులో పురుగుమందుల పోస్టరుకి తెచ్చిన పచ్చ ఇంకు రెండు డబ్బాలు మిగిలిందండీ. శత్రువులకు వాడెయ్యమన్నారు."

హైమావతి అన్నీ రాసుకుంది. పచ్చదండు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తామెందుకు పచ్చగా ఉన్నారో వాళ్ళకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. తెలిశాక వాళ్ళకు కాస్త తేలిగ్గానే అనిపించినట్టుంది.

తొమ్మిదో గడి దగ్గర పెన్ను ఆగింది. అది యుద్ధకారణం.

"రాయలేదేమండీ ఎక్కడా? అసలు వీళ్ళు ఎందుకు కొట్టుకుంటున్నారు?"

పానకాలు అట్టల సంచీ సర్దుకున్నాడు. "బొమ్మ వేసేప్పుడు కారణం ఎవరూ అడగలేదండీ. సైజు అడిగారు. ప్రెస్సు ఖాళీ దొరికిందని ముందు మూత మీద బొమ్మ వేయించారు. బొమ్మ చూసి సిపాయిలను పోతపోశారు. సిపాయిలను చూసి ఆట రూల్సు రాశారు. కథ ఆఖర్న రాయించుకుందామన్నారు. ఈలోగా కంపెనీ పోయింది."

ముందు వరసలోని పచ్చసిపాయి ఒకడు చెయ్యెత్తాడు. "అయ్యా, మా పచ్చవాళ్ళందరికీ ఒకటే ముఖం పెట్టారు. ఎవరిదండీ అది?"

పానకాలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా అన్నయ్యది. బొమ్మ వేసిన రోజు పొద్దున మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఆ కోపంలో వేశాను."

ముఖం ఇచ్చిన మనిషి నుంచి అభ్యంతరం లేదనే పత్రం తప్పనిసరి. మర్నాడు అన్నయ్య నాంచారయ్యను పిలిపించారు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. తమ్ముడి మీద చెప్పుకోదగ్గ పగ ఏమీ లేదు, పెళ్ళిళ్ళకూ తద్దినాలకూ కలుస్తూనే ఉంటారు. ఆయన ఒక పచ్చసిపాయిని అరచేతిలో పెట్టుకుని, భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"ముక్కు నాదే," అన్నాడు. "కోరలు నావి కావు."

"అవి కంపెనీవాళ్ళు పెట్టమన్నారు," అన్నాడు పానకాలు.

"ఆ రోజు దేనికి పోట్లాడుకున్నాం రా మనం?"

"అదే రాత్రంతా ఆలోచించానన్నయ్యా. గుర్తు రాలేదు. నీకేమన్నా..."

"లేదు."

నాంచారయ్య సిపాయిని జాగ్రత్తగా బల్ల మీద దించి, అభ్యంతరం లేదని సంతకం పెట్టాడు.

తొమ్మిదో గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో హైమావతి అప్పుడు వివరించింది. కారణం లేని యుద్ధం చెల్లదు. యుద్ధం చెల్లకపోతే దానికోసం పుట్టిన సిపాయిలూ చెల్లరు. చెల్లని సీసాన్ని ముప్పయ్యో తేదీన కొలిమికి పంపుతారు.

"పోనీ, వీళ్ళకు ఓ ఊరు వేసిస్తానండీ," అన్నాడు పానకాలు. "అప్పుడు నేను యుద్ధం ఒక్కటే వేశాను. వెనకాల ఇళ్ళు వెయ్యలేదు. రెండు వీధులు, ఒక బావి, నాలుగు చెట్లు. ఇప్పుడైనా కూర్చుంటే వారంలో అయిపోతుంది. యుద్ధం మానేసి అక్కడ ఉంటారు."

బల్ల మీద చిన్న కదలిక వచ్చింది. కాలులేని ఎర్రసిపాయి, బావి నీళ్ళు తియ్యగా ఉంటాయా అని తనను మోస్తున్నవాణ్ణి అడిగాడు. అతనికీ తెలియదు.

"మొదటి బొమ్మలో లేని ఊరును తర్వాత చేరిస్తే ఫోర్జరీ అంటారండీ," అంది హైమావతి. ఆమె గొంతులో కాఠిన్యం లేదు. "కారణం మాత్రం ఎప్పుడైనా రాసుకోవచ్చు. దానికి గడువు పెట్టలేదు."

బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసి ఇచ్చింది. అందులో లోగడ మంజూరైన యుద్ధకారణాల నమూనాలున్నాయి. చాలావాటిలో పేర్లున్న చోట చుక్కలు పెట్టి ఉన్నాయి. అన్నదమ్ములిద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చుని, పేజీలు తిప్పి, నాలుగో నమూనా బాగుందనుకున్నారు. పానకాలు చేతిరాత బాగుంటుంది కాబట్టి అతను రాశాడు. నాంచారయ్య పక్కనుంచి చదివి, ఒకచోట ‘అవమానము’ ముందు ‘ఘోర’ అని చేర్పించాడు. అది లేకపోతే వాక్యం బోసిగా ఉందన్నాడు.

హైమావతి అందరికీ వినపడేలా చదివింది. పచ్చదండు పూర్వీకులు తొల్లి ఎర్రదండు పవిత్ర భూమిలో అక్రమముగా ప్రవేశించి, వారి జెండాను తొక్కి ఘోర అవమానము గావించినందున, ఉభయుల మధ్య తరతరాలుగా ఆరని వైరము నెలకొన్నది.

ఎర్రసిపాయిల్లో ఒకడు, "అదన్నమాట సంగతి," అన్నాడు. ఇన్నాళ్ళూ దేనికో తెలియక అవస్థపడిన మనిషికి జబ్బు పేరు తెలిసినట్టుంది అతని గొంతు. పచ్చవాళ్ళలో ఒకడు, తొక్కడం వెనక ఏదో కారణం ఉండే ఉంటుందన్నాడు. పూర్వీకులు ఊరికే తొక్కుతారా అన్నాడు. పచ్చసిపాయి తన వీపు మీదున్న ఎర్రవాణ్ణి మెల్లగా, దెబ్బ తగలకుండా, ఫైళ్ళ కట్టకు ఆనించి కూర్చోబెట్టి, తన వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు. కూర్చున్నవాడు అతని వంక చూడలేదు.

మధ్యాహ్నం మూడింటికి మూడు వందల పత్రాలూ సిద్ధమయ్యాయి. ఒక్కటీ తిరస్కరించలేదు. రెండు దండులూ ఒకే గేటు నుంచి వెళ్ళడానికి ఒప్పుకోకపోవడంతో, ప్యూను ఏళ్ళ తరబడి మూసి ఉన్న వెనక గేటు తాళం నూనె పోసి తీశాడు.

అన్నదమ్ములు బస్‌స్టాపులో నిలబడ్డారు. మూడు వందల ప్రాణాలు నిలబెట్టామన్న తృప్తి పానకాలు ముఖంలో ఉంది. టీ తాగుదామా అని అడిగాడు. నాంచారయ్య రోడ్డు వైపు తిరిగాడు. అటే చూస్తూ,

"మావాళ్ళే ముందు మొదలుపెట్టారని రాశావేం రా?" అన్నాడు.

"నువ్వూ చదివావుగా అన్నయ్యా. ‘ఘోర’ నువ్వే పెట్టించావు."

"పెట్టించాను. అప్పటికింకా వాళ్ళు మావాళ్ళు కారు."

పానకాలు నవ్వబోయి అన్న ముఖం చూసి ఆగాడు. అది పరిహాసం కాదు. "జెండా తొక్కితే మరి ఊరుకుంటారా ఎవరైనా," అన్నాడు. తన గొంతు కొంచెం పెరిగిన సంగతి అతనికి ఆలస్యంగా తెలిసింది. అన్నయ్య ముక్కు పక్కనుంచి చూస్తే ఎప్పుడూ ఇలాగే ఉండేదని కూడా అప్పుడే గమనించాడు.

బస్సు వచ్చింది. జనం పలచగానే ఉన్నారు. నాంచారయ్య ముందు తలుపున ఎక్కాడు, పానకాలు వెనక తలుపున. కండక్టరు నడిమధ్యన నిలబడి, "ఇద్దరూ ఒకచోటికేనా బాబాయ్?" అని అడిగాడు.

ఒకచోటికేనని, టికెట్లు మాత్రం వేరువేరుగా ఇమ్మని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.