కాయని తీగ

నైరీ పొద్దున్నే గిస్బోర్న్ బస్సెక్కింది. మోకాలి ఆపరేషనైన చెల్లెల్ని చూసి మర్నాడు తిరిగొస్తుంది. ఈలోగా ఇంట్లో ఒక్క మంచి పనైనా చేసి ఆమెచేత శభాష్ అనిపించుకోవాలని ఆమె మొగుడు డెస్మండ్ పట్టుదల. పాల ట్యాంకరు నడిపే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన ముట్టుకున్నదల్లా తగలబడుతోంది. నైరీ ఉన్ని స్వెటర్‌ని వేడినీళ్లలో ఉతికి బొమ్మకు సరిపోయేట్టు చేశాడు. ఇంకోసారి సాయానికొస్తే పడక పెరటి మూలన పడున్న కారవాన్ బండిలోకి మార్చేస్తానని ఆవిడ ఆ రోజే చెప్పేసింది. నవ్వుతూనే అంది గానీ, సొంతింట్లో తానొక అడ్డు సామానైపోయానన్న దిగులు ఆయన్ని తినేస్తోంది.

పెరట్లో పందిరి మీద రెండు కివీ తీగలున్నాయి. ఒకటి ఏటా బుట్టలకొద్దీ కాస్తుంది. రెండోది ఇన్నేళ్లలో ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. బాగా తిని, బాగా పెరిగి, బట్టలారేసే దండెం మీద నీడ పరిచి, ఏటా ఇన్ని తెల్లపూలు పూసి చేతులు దులుపుకుంటుంది. డెస్మండ్ టీ తాగి, రంపం తీసుకుని దాన్ని మొదలంటా కోసేశాడు. సరిగ్గా అప్పుడే చర్చి అలంకరణ చూసే బెరిల్ కారాపి, మధ్యాహ్నం పెళ్లి తోరణానికి పూలు చాలడం లేదని వాపోయింది. ఆయన ఆ పూలకొమ్మలన్నీ ఆమె కారుకెత్తి పంపించాడు. పెరడూ శుభ్రపడింది, పుణ్యమూ వచ్చింది.

పక్కింటి పెద్దాయన టామటి కంచె మీదుగా తొంగి చూసి, చేతిలో నీళ్ల గొట్టం వదిలేశాడు.

"ఏం చేశావురా డెస్?"

"కాయని తీగ కోసేశాను బాబాయ్."

"అది మగదిరా నాయనా. దాని పుప్పొడి పడితేనే ఆడతీగ కాస్తుంది. కాయదని నరికేసే లెక్కయితే నైరీ నిన్నెప్పుడో నరికుండాలి."

డెస్మండ్ గబగబా పందిరి కిందికెళ్లి చూశాడు. ఆడతీగ నిండా పూలు అప్పుడే విచ్చుకున్నాయి. నాలుగు రోజుల్లో రేకులు రాలితే ఈ ఏటికి కాయ లేదు. కాయ లేకపోతే కారవానే గతి. మీ మగతీగ పూలు నాలుగివ్వు బాబాయ్, వాటితో అద్దుకుంటానని బతిమాలాడు. టామటి తన బూట్ల కేసి చూసుకుంటూ, తనది ఎప్పుడో పీకేసి నిమ్మచెట్టు వేశానన్నాడు. నైరీది పక్కనే ఉంది, తేనెటీగలకు కంచె అడ్డమా అనుకున్నాడట.

ఇద్దరూ ఎదురింటి గ్లెనిస్ దగ్గరికెళ్లారు. ఆవిడా పీకేసింది. ఆ పక్కింటివాళ్లూ, వాళ్ల పక్కింటివాళ్లూ అంతే. నైరీ తీగ మీద బతుకుతున్నది తామొక్కరమేనని ఇన్నాళ్లూ ఎవరికి వారే అనుకున్నారు.  సంగతి బయటపడగానే అందరూ కలిసి డెస్మండ్ మీద పడ్డారు. సొంత సొత్తు పోయినవాడికి కూడా అంత కోపం రాదు.

"తిట్టడం సాయంత్రమైనా తిట్టొచ్చు," అన్నాడు టామటి. "ముందు చర్చికి పదండి."

వీధంతా ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, సంచులు మడిచి జేబుల్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. పెళ్లికూతురు ఎవరో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. అయినా టామటి అందరికంటే గట్టిగా పాట పాడాడు, గ్లెనిస్ కళ్లు కూడా తుడుచుకుంది. జంట ఫొటోలకని బయటికి నడవగానే అందరూ తోరణం మీద పడ్డారు. బెరిల్ అడ్డుపడబోతే డెస్మండ్ చేతులు జోడించి, తన కాపురం ఆ పూలలో ఉందని చెప్పుకున్నాడు. అంతలో తోరణం కింద ఇంకో ఫొటో కావాలని పెళ్లికూతురు వెనక్కి వచ్చింది. అక్కడ ఉత్త కర్రలూ, టోపీ నిండా పూలు పట్టుకుని తల దించుకున్న డెస్మండూ ఉన్నారు.

పెళ్లికూతురు కివీలు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేసిన పిల్ల. ఆ పూలలోని పసుపుపొడి చూడగానే సంగతి పోల్చుకుంది.

"మీరూ పీకేశారా తాతా?" అంది. తలలో గుచ్చుకున్న పూవు కూడా తీసి టోపీలో వేసింది. "మా అమ్మకూ ఒక గుప్పెడివ్వండి. మాదీ పోయిన ఏడే పీకేసింది."

వెనక నిలబడ్డ పెళ్లికూతురి తల్లి హ్యాండ్‌బ్యాగు తెరిచి పట్టుకుంది.

ఆ సాయంత్రం డెస్మండ్ నిచ్చెనెక్కి, మగపూవు పట్టుకుని ఆడపూలన్నిటికీ పేరుపేరునా అద్దాడు. మర్నాడు నైరీ వచ్చింది. వీధివాళ్లు ఆయనకు మూడు అబద్ధాలు నేర్పి పంపారు. ఆమె మొహం చూడగానే మూడూ మరిచిపోయి, జరిగినదంతా కక్కేశాడు. నైరీ మొద్దును చూసింది, ఆడతీగను చూసింది, మెడ పట్టేసి నిలబడ్డ మొగుణ్ని చూసింది. కారవాన్ మాట ఎత్తలేదు. నెల తిరిగేసరికి పందిరి నిండా నూగుకాయలు వేలాడాయి. అవి చూసి డెస్మండ్ సిగ్గు విడిచి ఏడ్చాడు.

వీధివాళ్లకూ సిగ్గేసింది. ఇంటింటా ఒక మగమొక్క నాటారు. అవి పూతకొచ్చేదాకా ఏటా తోటలవాళ్లకు ముందే చెప్పి కొన్న పుప్పొడితో గడుపుకొచ్చారు. ఈలోగా నైరీ పెరట్లోని మొద్దు నుంచి కొత్త చిగురొచ్చి పందిరెక్కింది. డెస్మండ్ దానికి పూటపూటా నీళ్లు పోసి కన్నబిడ్డలా సాకాడు. అన్ని ఇళ్ల మగతీగలూ విరగబూసిన వసంతంలో నైరీ తనే రంపం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"కోసెయ్యి. వీధంతా మగతీగలే, మనకెందుకు చోటు దండగ?"

తన చేతికి మళ్లీ రంపం ఇచ్చినందుకు డెస్మండ్‌కు ఎక్కడలేని సంతోషం కలిగింది. కానీ ఈసారి బుద్ధి తెచ్చుకుని, కోసే ముందు టామటితో ఒక మాట చెప్పి రావడానికి వెళ్లాడు.

టామటి నిచ్చెన మీదున్నాడు. నైరీది మళ్లీ పూసిందని తెలిసి, తన మగతీగను అప్పటికే సగం కోసేశాడు.