తెలియకపోతే వద్దు అనండి

ఆ ఉదయం ఎవాండ్రో అనుకున్న పని చిన్నది. బ్యాటరీ చచ్చేలోపు కంప్యూటర్ తనంతట తానే రాసినవన్నీ దాచుకునేలా, దాన్ని నడిపించే మూల ప్రోగ్రాం కెర్నెల్‌లో నలభై వరుసలు చేర్చాలి. పై అధికారి అన్సెల్మో గారి చేత సరే అనిపించుకోవాలి. మధ్యాహ్నానికి ఇంటికెళ్లి భోంచేయాలి. ఇదంతా బాప్తిస్మంలో తనకు తల్లిగా నిలిచిన జ్ఞానతల్లి జుల్మీరా కోసం. పోయిన భర్త చేపల వేట కబుర్లను ఆవిడ పాత ల్యాప్‌టాప్‌లో రాసుకుంటోంది. దాచడం ఆవిడకు గుర్తుండదు. దాని బ్యాటరీ చెప్పకుండా పోతుంది.

"బాగుందయ్యా. కానీ అందరికీ కావాలా?" అన్నాడు అన్సెల్మో, మాతే కషాయం పీలుస్తూ.

"రాసింది పోవాలని ఎవరు కోరుకుంటారు సార్?"

"బ్యాటరీయే లేని యంత్రాలున్నాయిగా. ఎవరి యంత్రానికి వాళ్లు కెర్నెల్ కట్టుకునేటప్పుడు కావాలా వద్దా అని ఒక ప్రశ్న పెట్టు. ఎవరిష్టం వాళ్లది."

బ్యాటరీ ఉందో లేదో కెర్నెలే చూసుకోగలదన్న మాట ఎవాండ్రో నోటిదాకా వచ్చింది. ఆకలి మీదున్నాడు, మింగేశాడు.

"ఎంత చార్జి ఉండగా దాచాలో? అదీ అడగాలిగా!" అంది పక్క బల్ల జిస్లయిని. రెండో ప్రశ్న వచ్చింది. ఎక్కడ దాచాలన్నది మూడోది. ఈ ప్రశ్నలు అడగాలా వద్దా అన్నది నాలుగోది. రెండు నెలలకు నలభై వరుసల పనికి మూడు వందల వరుసల ప్రశ్నలు తయారయ్యాయి. ఒక్కోదాని కింద ఆనవాయితీగా, "తెలియకపోతే వద్దు అనండి" అని ఎవాండ్రోనే రాశాడు.

ఆదివారం జుల్మీరా ఇంట్లో కొత్త కెర్నెల్ కట్టడానికి కూర్చున్నాడు.

"పోలీసులా ఇన్ని అడుగుతుందేంట్రా ఇది?" అంటూ ఆవిడ ఉడికించిన పైన్ గింజలు పెట్టింది.

ఆ వృత్తిలో వాళ్లంతా చేసేదే అతనూ చేశాడు. ఎంటర్ మీట మీద వేలు పెట్టి, గింజలు ఒలుచుకున్నాడు. అతనివీ, అతనికి ముందువాళ్లు చేర్చినవీ కలిపి ప్రశ్నలు వేలకొద్దీ దొర్లిపోయాయి.

"అయిందమ్మా. ఇక ఏదీ పోదు."

మంగళవారం ఆవిడ ఫోన్ చేసింది. "నిన్నంతా కూర్చుని రాశాను నాయనా, ఆయన పడవలో నన్ను పెళ్లికి అడిగిన రోజు గురించి. తెర నల్లబడింది. పోదన్నావు కదరా?"

ఎవాండ్రో పరుగెత్తుకెళ్లి చూశాడు. తన ప్రశ్నకు, ఉత్త ఎంటర్ కొడితే దానంతటదే పడే తన జవాబు: వద్దు.

"మళ్లీ రాయమ్మా."

"రాస్తాలే. నిన్న గుర్తొచ్చినట్టు ఇవాళ రావట్లేదురా."

మర్నాడు పోట్లాటకు సిద్ధపడే ఆఫీసుకెళ్లాడు. "ఆ ప్రశ్న తీసేయాలి సార్."

"తీసేద్దాం. నేనూ అదే అనుకున్నా," అన్నాడు అన్సెల్మో వెంటనే. "వాకబు చేశాను. ఒక్కడూ కావాలనలేదు."

తర్వాతి కెర్నెల్‌లో ఎవాండ్రో ప్రశ్నలన్నీ పోయాయి. వాటితో పాటు ఆ నలభై వరుసలూ పోయాయి.

తీసేసేటప్పుడు మాత్రం కావాలా వద్దా అని ఎవరూ అడగలేదు.