కీరదోస మీది అల్లం రసం

సౌభాగ్యం కీరదోస ముక్కల మీద వంపబోయిన సీసాలో ఉన్నది అల్లం రసం కాదు.

పైన నూనె తేలడం లేదు. అడుగున అల్లం పిప్పి లేదు. పైగా సీసా వెచ్చగా ఉంది. మూత తీసి వాసన చూసింది. మరుక్షణం దాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, "అయ్యో మామా!" అని మొగుణ్ణి తలుచుకుంది.

మొగుడు గోవిందరాజుకు షుగరు బయటపడి నెలయింది. డాక్టరు సుందరరాజన్ అన్నం సగానికి కోసేసి, ఆ ఖాళీ పచ్చి కూరగాయలతో నింపమన్నాడు. చప్పగా ఉంటే అల్లం దంచి పిండి, నిమ్మరసం, నువ్వులనూనె, మిరియాలపొడి కలిపి పోసుకోమన్నాడు. నెల తరవాత పరీక్ష. తగ్గకపోతే రోజూ సూది. పొగరెక్కిన ఎద్దును ముకుతాడు పట్టి నిలపగల గోవిందరాజు, సూది మాట వింటే మంచమెక్కుతాడు.

ఆ పరీక్ష ఈ రోజే. పొద్దుటి మూత్రం పట్టి తెమ్మన్నారు. దానికీ, రసానికీ ఇంట్లో ఉన్నవి ఒకే రకం దగ్గుమందు సీసాలు.

"తొందరలో రసం ఎత్తుకొని పోయినాడు!" అనుకుంది సౌభాగ్యం. నూనె తేలే మూత్రం చూస్తే డాక్టరు ఊరుకుంటాడా? అసలు సీసాను కొంగు కింద దాచుకుని వీధిలోకి పరుగెత్తింది. మలుపులో పక్కింటి పంచవర్ణం అడ్డం వచ్చింది.

"ఏం వదినా, దాచుకొని పోతా ఉండావు?"

"కషాయం."

"దగ్గుతో సస్తా ఉండాను. ఒక గుక్క పొయ్యి!"

"ఇది ఆయనదే వదినా. ఇంకొకరికి పనికిరాదు."

"మొగుడికి మట్టుకు కాచుకుంటే సరిపాయనా? ఇట్ల తే!"

పంచవర్ణం సీసా పట్టుకుంది. సౌభాగ్యం వదల్లేదు. చెరో చేత్తో లాక్కుంటూనే ఇద్దరూ వీధి దాటి, మెట్లెక్కి, డాక్టరు గదిలోకి వచ్చి పడ్డారు.

అక్కడ అప్పటికే కొంప మునిగింది. గోవిందరాజు తెచ్చిన సీసాలోది నీలిమందులో కలిపి కాచారు. నీలంగా నిలిస్తే మంచిది. ఇటుక రంగుకు తిరిగితే షుగరు. గాజు గొట్టంలో ఉన్నది అచ్చం ఇటుకే.

"షుగరు సరే," అన్నాడు డాక్టరు కళ్ళద్దాలు పైకి తోసి, "ఒంట్లోంచి మిరియాలు ఎట్లా వస్తాయయ్యా? కాంపౌండరూ, సూది కాచు!"

గోవిందరాజు కుర్చీని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"ఆగండి సార్! అది అల్లం రసం. ఆయనది ఇదీ!" అంటూ సౌభాగ్యం సీసాను బల్ల మీద పెట్టింది.

పంచవర్ణం సీసాను చూసింది, తన చేతిని చూసుకుంది. దగ్గు ఆగిపోయింది.

"అది చూడొద్దు సార్!" అని గోవిందరాజు అరిచాడు. డాక్టరు వినలేదు. కాచాడు. నీలం నీలంగానే ఉంది.

"మనిషికి లేదు. రసానికి ఉంది," అన్నాడు డాక్టరు. "ఏం కలిపినావమ్మా ఇందులో?"

సౌభాగ్యం తల దించుకుంది. "తేనె సార్. చిత్తేరి కొండ తేనె. కారానికి ఆయన మొగం ముడుస్తాడని... తేనె మందే గదా సార్, చక్కెర కాదు గదా!"

"నెలంతా తేనె తాగితే ఇతనికి తగ్గేదెట్లా?"

అందరూ గోవిందరాజు వైపు తిరిగారు. అతను పొయ్యి మీద కుతకుతలాడుతున్న సూదిని చూశాడు. ఇక దాచి లాభం లేదు.

"నేను తింటేనే గదా సార్! అన్నం తగ్గించింది నిజం. ఆ పచ్చిముక్కలూ రసమూ ఒక్కనాడూ నోట్లో పెట్టలేదు. పరీక్షలో దొరికిపోతానని, రసంలో షుగరు ఉండదనుకొని నేనే సీసా మార్చినాను. రసం కానరాకుంటే మా ఆడది అరుస్తాదని నా సీసా అక్కడ పెట్టినాను. ఎట్లాగూ నేను తినేది కాదు గదా! నెలంతా తిన్నది మా బర్రె సార్. కాచిన సూది ఎందుకు వేస్టు, రమ్మంటే దాన్ని తోలుకొని వస్తాను."