ఖాళీ డబ్బా ఎలా ఇస్తాం

ఆ మంగళవారం ఉదయం సుబ్బులు గారు పెట్టుకున్న పని చాలా చిన్నది: వీధి చివరింటి ఒఫీలియా గారి డబ్బా తిరిగి ఇచ్చేయడం. సుబ్బులు గారు డబ్బా కొట్టుకునే మనిషి కాదు, డబ్బా కొట్టేసే మనిషి అసలే కాదు. అమెరికాలోని కాపెల్‌లో కూతురు రేణు దగ్గరుంటున్న ఆవిడకి ఇంగ్లీషు పావు వంతు వచ్చు. నలభై ఏళ్ళ కిందట మెక్సికో నుంచి వచ్చిన ఒఫీలియా గారికి ముప్పావు వంతు వచ్చు. కలిపితే సరిగ్గా ఒక భాష.

డబ్బాలో తామాలెస్ వచ్చాయి. మొక్కజొన్న పిండిలో బీన్స్ కూరి, పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించినవి. పేరులో లెస్ ఉందన్న మాటేగానీ, తినేకొద్దీ మోర్.

"ఖాళీ డబ్బా ఎలా ఇస్తామే?" అని సుబ్బులు గారు దాన్నిండా సున్నుండలు పెట్టి ఇచ్చారు. ఒఫీలియా గారి అమ్మ కూడా కూతురికి అదే నేర్పిందని ఎవరికి తెలుసు? గంటలో డబ్బా తీపి రొట్టెలతో తిరిగొచ్చింది. రొట్టెలకి బదులు పులిహోర వెళ్ళింది. తర్వాత పెరుగావడలు వెళ్ళాయి. పేరుకు తగ్గట్టే వ్యవహారం పెరిగింది. మూడు నెలల్లో డబ్బా గిన్నె అయింది, గిన్నె గుండిగ అయింది.

"గంటలో ఖాళీ చేస్తోంది పాపం. ఇంట్లో పెట్టేవాళ్ళు లేరేమో," అని సుబ్బులు గారు నెయ్యి పెంచారు. వీధి చివర ఒఫీలియా గారూ అదే అనుకుని వెన్న పెంచారు.

ఓ ఆదివారం రేణు పాలిపోయిన ముఖంతో ఇంటికొచ్చింది.

"అమ్మా, ఒఫీలియా ఆంటీకి షుగరట. మూడు నెలల కిందట పది పౌండ్లు తగ్గమన్నారట, ఈ శుక్రవారానికి తగ్గకపోతే ఇన్సులిన్ స్టార్ట్ చేస్తారట. ఆవిడకేమో సూది చూస్తేనే ప్రాణం పోతుంది."

సుబ్బులు గారి చేతిలో గరిటె ఆగిపోయింది. "మరి చెప్పదేం?"

"డైట్ షీట్‌లో అన్నీ గడ్డిలాంటి ఆకులేనట. వెయిట్ తగ్గించే క్లాస్ మధ్యాహ్నం రెండింటికి, అప్పుడు మనవల్ని చూసుకోవాలట. పైగా, మీ అమ్మ అంత ప్రేమగా ఇస్తుంటే వద్దని ఎలా అంటాను అంది."

సుబ్బులు గారు కుర్చీలో కూలబడ్డారు. బరువు బాధ్యతల గురించి విన్నారుగానీ, పక్కవాళ్ళ బరువుకి తాను బాధ్యురాలవుతానని అనుకోలేదు.

కానీ వంటింట్లో ఒఫీలియా గారి గుండిగ ఉంది. ఖాళీగా ఇవ్వడం ఈ జన్మకి కుదరదు. ఆలోచించి, దాన్నిండా కీరా ముక్కలు పెట్టి ఇచ్చారు.

కీరా చూసి ఒఫీలియా గారు నిర్ఘాంతపోయారు. నేతి నుంచి నీళ్ళకాయకి దిగారంటే ఒకటే అర్థం: రేణుకి లేఆఫ్. సాయంత్రానికి ఆవిడ చర్చి స్నేహితురాళ్ళు ఆరుగురు ఆరు గిన్నెలతో రేణు గుమ్మంలో నిలబడ్డారు. ఒకావిడ రేణు చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"నా జాబ్ ఉంది ఆంటీ," అంది రేణు.

"మొదట్లో అందరూ అలాగే అంటారు," అంది ఆవిడ.

శుక్రవారం సుబ్బులు గారు, రేణు క్లినిక్‌కి తోడెళ్ళారు, నేరం ఒప్పుకోవడానికి. ఒఫీలియా గారు కళ్ళు మూసుకుని స్కేల్ ఎక్కారు. నర్స్ అంకె చూసింది. దింపి, మళ్ళీ ఎక్కించింది.

"పన్నెండు పౌండ్లు తగ్గారు."

ఒఫీలియా గారు కళ్ళు తెరిచారు. తల్లీకూతుళ్ళు నోళ్ళు తెరిచారు.

"ఏం తిన్నారు?" అని అడిగింది నర్స్.

"సుబ్బులు వంట నాకు కారం. తీపి డాక్టర్ వద్దన్నాడు. కాస్త రుచి చూసి పక్కన పెట్టేసేదాన్ని," అన్నారు ఒఫీలియా గారు సిగ్గుపడుతూ. "సుబ్బులుకి మోకాళ్ళ నొప్పులు కదా, ఇచ్చేదీ తెచ్చుకునేదీ నేనే. నాకు డ్రైవింగ్ రాదు. పోను అర మైలు, రాను అర మైలు. రోజూ రెండుసార్లు."

నడవమని డాక్టర్ ఏడేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. ఎక్కడికి నడవాలో ఎవరూ చెప్పలేదు.

"మరి తిన్నదెవరు?" అని సుబ్బులు గారు నీరసంగా అడిగారు.

ఒఫీలియా గారు పక్క కుర్చీ వైపు చూశారు. అందులో ఆవిడ భర్త ఎర్నెస్టో గారు పొట్టమీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నర్స్ ఆయన్నీ స్కేల్ ఎక్కించింది. పోయినసారి కంటే పంతొమ్మిది పౌండ్లు ఎక్కువ.

సోమవారం నుంచి గుండిగ ఆయన మోస్తున్నారు.