డానియేలు వీపు కోసం ప్రార్థన

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో కాలేజీ పిల్లలకు పావుగంట మాట్లాడాలని డానియేలు పొద్దున్నే తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. విషయం: ఫోన్లలో ఒంటి ఫోటోలు పంపకండి. పాతబస్తీలో ఛత్రినాక గల్లీల్లో కెమెరా ఫోన్లు ఇంటింటికీ వచ్చేసిన రోజులు. పక్క గల్లీ అమ్మాయి అలాంటి ఒక్క ఫోటో వల్లే చదువు మానేసి ఇంట్లో కూర్చుంది. డిగ్రీ చదివే తన కూతురు ప్రీతి కూడా వారంగా అన్నం దగ్గర ఫోన్ బోర్లా పెడుతోంది. అడిగితే "ఏం లేదు డాడీ" అంటోంది. ఈ మాటలు ఆమె కూడా కూర్చుని వినాలని ఆయన ఆశ.

దానికి తోడు ఆయన వీపంతా చెమటకాయలు. భార్య లీలమ్మ ముందురోజే, చెడ్డీ మీదున్న మనిషిని ఉన్నపళాన గోడకేసి నిలబెట్టి ఫోటో తీసింది. ఏ మందు రాయాలో చెప్తాడని, కాంపౌండర్‌గా చేసే తమ్ముడు ఇశ్రాయేలుకు పంపింది.

ఇశ్రాయేలు మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ల సంఘంలో ఎవరికి జబ్బు చేసినా ప్రార్థన విన్నపం ఇల్లిల్లూ తిరగాల్సిందే. "బావ వీపు కోసం ప్రార్థించండి" అని ఫోటోతో సహా నలుగురికి పంపాడు. ఆ నలుగురూ తలా నలుగురికి పంపారు. పక్క బస్తీ గౌలిపుర చేరేసరికి చెమటకాయలు సర్పి అయ్యాయి. జహనుమా చేరేసరికి ఆపరేషన్ దాకా వెళ్లింది.

చర్చి మెట్ల మీద ముసలి కళావతమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ధైర్యంగుండు బిడ్డా, ప్రభువున్నడు."

"నాకేమైందమ్మా?"

"నా దగ్గర దాస్తవెందుకు? నేను చూసిన గద!" అని ఫోన్ తెరిచి చూపించింది. అందులో చెడ్డీ మీద గోడకేసి నిలబడ్డది డానియేలే.

పిల్లల ముందు నిలబడితే ఒక్కరూ తలెత్తలేదు. కొందరి భుజాలు మాత్రం నవ్వాపుకోలేక అదురుతున్నాయి.

"అందరి దగ్గరుందా?"

"ఉంది అంకుల్."

"తీసెయ్యుండ్రి, మీకు దండం పెడ్త."

"మేం తీసేస్తం అంకుల్," అన్నాడు ముందు వరస కుర్రవాడు. "గానీ మస్తుమందికి పోయింది. వాళ్లందరి తాన ఎట్ల తీపిస్తరు?"

రాసుకొచ్చిన కాగితం చేతిలోనే ఉండిపోయింది. బస్సు డిపోలో పదిమంది మెకానిక్కులకు పెద్ద, యాభై ఏళ్ల మనిషి, పిల్లల ముందు కళ్లు తుడుచుకున్నాడు. భుజాలు అదరడం ఆగింది.

ఇంటిదారిలో ప్రీతి ఆయన పక్కకు వచ్చింది. "డాడీ, ఒకడు నన్ను గసొంటి ఫోటో అడుగుతుండు. పంపకుంటే ఇంక మాట్లాడనంటుండు."

డానియేలు నడక ఆపాడు. "పంపినవా?"

"ఇయ్యాల పంపుదామనుకున్న. నువ్వు ఏడుస్తుంటే చూసినంక చెయ్యి రాలే."

ఆయన కూతురి తల నిమిరాడు. "పంపనని ఇప్పుడే మెసేజ్ కొట్టు బిడ్డా. నేనిక్కడనే ఉన్న."

నడిరోడ్డు మీద నిలబడే కొట్టింది.

ఫోటో అడిగిన ఆ కుర్రవాడు అన్నంత పనీ చేశాడు, మళ్లీ ప్రీతితో మాట్లాడలేదు. అతనిలో మెచ్చుకోదగ్గ గుణం అదొక్కటే.