డిస్కు ఆరోగ్య వారోత్సవం

రాష్ట్రంలో ప్రతి ప్రభుత్వ కంప్యూటరు ఆరోగ్యాన్నీ తానే స్వయంగా పరీక్షిస్తానని మంత్రిగారు చీపురుపల్లి సభలో ప్రకటించారు. ‘హార్డ్ డిస్కు ఆరోగ్య వారోత్సవం’ అని పేరు కూడా ఆయనే పెట్టారు. తొలి పరీక్షకు బెన్హర్ పనిచేసే మండలాఫీసు ఎంపికైంది. కారు తిప్పుకోవడానికి జాగా ఉండటం ఆ ఆఫీసు చేసుకున్న పుణ్యం.

కంప్యూటర్ ఆపరేటర్ బెన్హర్‌కు పెళ్లయి నెల్లాళ్లయింది. రూబీ కట్టిన క్యారియర్‌లో కోడిగుడ్డు వేపుడు కనిపిస్తే చాలు, ఆ పూటంతా అతనికి పండగే. అలాంటివాడికి కూడా ఆఫీసు కంప్యూటరులోని డిస్కు టిక్కుటిక్కుమంటుంటే ముద్ద దిగడం లేదు. పరీక్షించి చూస్తే చాలాచోట్ల చెడిపోయిందనీ, ఏ క్షణమైనా ఆగిపోవచ్చనీ తేలింది. మండలంలోని ముసలివాళ్ల పింఛను వివరాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు.

వాటిని కొత్త డిస్కులోకి ఎక్కించేస్తానని అధికారి తిరుమలరావుగారిని అడిగాడు. ఆయన ముందుచూపున్న మనిషి.

“మంత్రిగారు రోగం కనిపెట్టకముందే నువ్వు వైద్యం సేసీస్తే, ఆయనొచ్చి ఏటి సేస్తారు?”

మంత్రిగారి రాక రెండుసార్లు వాయిదా పడింది. డిస్కు మాత్రం ప్రభుత్వం మీద గౌరవంతో ఊపిరి బిగబట్టుకుని ఉంది.

చివరికి ఆయన వచ్చారు. షామియానా వేశారు. కంప్యూటరు పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేశారు. పరీక్ష అయ్యాక జాబితా తీసి పింఛన్లు పంచుతారని తెలిసి, లక్ష్మణమ్మ అనే ముసలావిడ పొద్దున్నే వచ్చి ముందు వరసలో కూర్చుంది.

పార్టీ కార్యకర్త గంగులు కొబ్బరికాయ పట్టుకుని పెట్టె దగ్గరికి వచ్చాడు. లోపల డిస్కు తిరుగుతోంది, కాయ నేల మీద కొట్టమని బెన్హర్ బతిమాలాడు.

“మా మావ ట్రాక్టరు కొన్నప్పుడు ఇంజను నడస్తండగానే బంపరు మీద కొట్టినాను. ఏటైనాది? సుబ్బరంగా దున్నతన్నాది,” అన్నాడు గంగులు.

పెట్టె మీదే కొట్టాడు. గట్టి కాయ. మూడో దెబ్బకు పగిలింది.

టిక్కుటిక్కు ఆగిపోయింది. రోగం కుదిరిందని వేదిక మీదున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయారు. మంత్రిగారు పరీక్ష మీట నొక్కి, ఎన్ని తప్పులున్నాయని అడుగుతూ మైకు బెన్హర్ నోటి దగ్గర పెట్టారు.

“తప్పులేవీ సూపించట్లేదండి. అసలు డిస్కే కనబడట్లేదండి.”

మొదటి మాటకే చప్పట్లు మొదలవడంతో రెండో మాట ఎవరికీ వినబడలేదు. జిల్లాలోని డిస్కులన్నిటినీ నెలాఖరులోగా ఇదే స్థాయికి తీసుకురావాలని మంత్రిగారు అక్కడికక్కడే ఆదేశించారు.

లక్ష్మణమ్మ లేచి బెన్హర్ దగ్గరికొచ్చింది. “అందల నా పేరున్నాదా బాబూ?”

తిరుమలరావుగారే ఆవిడకు ధైర్యం చెప్పారు.

“ఒక్క తప్పు కూడా లేదు పెద్దమ్మా. సెవులారా విన్నావు గదా.”

ఈలోగా గంగులు మిగిలిన కొబ్బరికాయల బస్తాను పక్క మండలానికి వెళ్లే జీపులో ఎక్కించాడు.